మెయిన్ స్విచ్ వెనుక మూడు సంతకాలు



కొత్త ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు మనం ఏమేమి చూస్తాం? సింహద్వారం ఏ దిక్కు, వంటింట్లో పొయ్యి ఎటు వస్తుంది, గట్టు ఎత్తు మనకు సరిపోతుందా, పంపులో మంచినీళ్లు ఎన్నింటికి వస్తాయి, బట్టలు ఆరేసుకునే చోటుందా, బియ్యం డబ్బా పట్టే అర వుందా — అన్నీ అడుగుతాం. అడగవలసినవే. కాని మెట్ల కింద చీకట్లో, ఇనుప జాలీ తలుపు వెనుక వరసగా మీటర్లు బిగించి వుంటాయే, అటువైపు మాత్రం తొంగి చూడం. "కరెంటు సంగతి మగవాళ్లు చూసుకుంటారు" అనుకుంటాం. మగవాళ్లేమో "బిల్డరు చూసుకుంటాడు" అంటారు. బిల్డరు "కరెంటాఫీసు వాళ్లు చూసి పాస్ చేశారండీ, లేకపోతే మీటరిస్తారా?" అంటాడు.

ఈ చివరి మాటే ఇవాళ్టి మన విషయం. పాస్ చేశారంటే ఏం చేశారు? ఎవరు చూశారు? ఏం చూశారు? ఏ రోజున చూశారు? ఇవి తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. మెట్రిక్ చదివిన నాకు అర్థమైనవి మీకూ అర్థమవుతాయి. పైగా ఇంట్లో ఎక్కువసేపు వుండేది మనం. తడిచేత్తో మిక్సీ స్విచ్ వేసేది మనం. గీజరు కింద బిందె పెట్టేది మనం. అందుచేత ఈ ప్రశ్నలు అందరికంటే ముందు మనమే అడగాలి.

ముందు కరెంటు మన ఇంటికి ఎలా వస్తుందో ఒకసారి వీధిలోంచి నడిచి చూద్దాం. వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు వుంటుంది. దాని పైకి 11 వేల వోల్టుల కరెంటు వస్తుంది. దాన్ని అది మన ఇళ్లలో వాడుకునే 230 వోల్టుల స్థాయికి దించి, స్తంభాల మీది తీగల్లోకి పంపుతుంది. స్తంభం నుంచి మన గోడదాకా వచ్చేది సర్వీసు వైరు. గోడమీద కటౌటు, మీటరు. ఆ తర్వాత మెయిన్ స్విచ్. ఆ తర్వాత ఇంటి లోపల ఎం.సి.బి.లు వున్న డబ్బా. అక్కణ్ణుంచి గదిగదికీ వైర్లు పోతాయి. అపార్టుమెంటు అయితే సర్వీసు వైరుకు బదులు లావుపాటి కేబులు వస్తుంది. సెల్లారులో పెద్ద పానెల్ బోర్డు, దాన్నుంచి వరసగా మీటర్లు, లిఫ్టుకూ నీళ్ల మోటారుకూ వేరే స్విచ్‌లు, ఒక జనరేటరు. ఇంకా పెద్దదైతే ఆవరణలోనే సొంత ట్రాన్స్‌ఫార్మరు.

ఇందులో మీటరు ఒక గడప లాంటిది. మీటరుదాకా వచ్చే సరంజామా కరెంటు సంస్థ బాధ్యత. మీటరు దాటిన తర్వాతదంతా ఇంటివాళ్ల బాధ్యత. ఈ గడప సంగతి తెలియక చాలామంది ఇంట్లో వైరు కాలినా లైన్‌మన్‌ను తిడతారు, స్తంభం దగ్గర నిప్పురవ్వలు రాలినా ఇంటి ఎలక్ట్రీషియన్ని స్తంభం ఎక్కమంటారు. రెండూ తప్పే. రెండోది ప్రాణం తీసే తప్పు.

ఇప్పుడు సంతకాల సంగతి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒక భవనానికి కరెంటు రావడం వెనుక పెద్ద భవనమైతే మూడు సంతకాలు, చిన్న ఇల్లయితే రెండు వుంటాయి. మొదటిది మునిసిపాలిటీది. రెండోది కరెంటు పంపిణీ సంస్థది. మూడోది ప్రభుత్వ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుది. ముగ్గురూ ఒకే వస్తువును మూడుసార్లు చూస్తారని మనం అనుకుంటాం. కాదు. ముగ్గురివీ మూడు వేరువేరు ప్రశ్నలు. ఒకరి ప్రశ్నకు ఇంకొకరి సంతకం జవాబు కాదు. అసలు కిటుకంతా ఇక్కడే వుంది.

మునిసిపాలిటీ అడిగే ప్రశ్న: ఈ భవనం ఇక్కడ, ఇంత ఎత్తున, ఈ తీరుగా కట్టవచ్చునా? టౌన్ ప్లానింగ్ వారు ప్లాను చూస్తారు. వాళ్లు మన ఇంట్లో వైర్లు విప్పి చూడరు. అయినా కరెంటుకు సంబంధించి వాళ్ల దగ్గర రెండు పెద్ద విషయాలున్నాయి. ఒకటి, కరెంటు తీగలకూ కట్టడానికీ మధ్య దూరం. 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లోనే ఈ లెక్కలున్నాయి. ఇళ్లకు కరెంటిచ్చే మామూలు తీగలు మేడకు పైగా పోతుంటే కనీసం 2.5 మీటర్ల ఎత్తున వుండాలి. పక్కగా పోతుంటే 1.2 మీటర్ల ఎడం వుండాలి. 11 వేల వోల్టుల తీగ అయితే పైన 3.7 మీటర్లు, పక్కన 1.2 మీటర్లు. 33 వేలదైతే పక్కన 2 మీటర్లు.

ప్లానులో ఈ దూరం వుంటుంది. తర్వాత ఏమవుతుంది? ప్లాను పాసయ్యాక బాల్కనీని రెండడుగులు ముందుకు లాగుతారు. మేడమీద ఇంకో గది లేపుతారు. 1.2 మీటర్లంటే మన లెక్కలో నాలుగడుగులు. అందులోంచి రెండడుగులు పోతే మిగిలేది రెండే. బాల్కనీలో నుంచుని దుప్పటి దులిపితే అంచు తీగకు తగులుతుంది. సంక్రాంతికి పిల్లలు గాలిపటం తీయడానికి ఇనుప కడ్డీ పట్టుకుని చెయ్యి చాపితే చాలు. పైగా 11 వేల వోల్టుల తీగను పూర్తిగా తాకనక్కర్లేదు, బాగా దగ్గరికి వెళ్తే అదే దూకి పట్టుకుంటుంది. "ఎప్పటినుంచో వున్న తీగేకదా" అంటారు. తీగ ఎక్కడిదక్కడే వుందమ్మా, దాని దగ్గరికి ఇల్లే వెళ్లింది.

రెండోది నివాసయోగ్య పత్రం. దీన్నే అందరూ ఓ.సి. అంటున్నారు. పాసైన ప్లాను ప్రకారమే కట్టారని మునిసిపాలిటీ ఇచ్చే పత్రం. 2012 ఏప్రిల్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన 168వ నంబరు జి.వో.లో, చిన్న ఇళ్లను మినహాయించి, ఈ పత్రం చూపనిదే కరెంటు, నీళ్ల శాఖలు మామూలు కనెక్షన్ ఇవ్వకూడదనీ, లేదా అది తెచ్చేదాకా మూడు రెట్ల రేటు వసూలు చెయ్యవచ్చుననీ రాశారు. ఫ్లాటు కొనేవాళ్లు ఈ పత్రం బ్యాంకు లోను కోసమే అనుకుంటారు. సెల్లారు కార్లకేనా, అందులో దుకాణం పెట్టారా, మెట్లు ప్లానులో చూపినంత వెడల్పున వున్నాయా అన్నది కూడా ఆ పత్రంలోనే వుంది. మంట పుట్టినప్పుడు మనం దిగవలసినది ఆ మెట్ల మీదనే కదా.

రెండో సంతకం కరెంటు సంస్థది. ఒకప్పుడు 1959లో ఏర్పడ్డ ఎలక్ట్రిసిటీ బోర్డు ఒక్కటే వుండేది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నం, విజయవాడ, తిరుపతి కేంద్రాలుగా మూడు పంపిణీ సంస్థలు, తెలంగాణలో హైదరాబాదు, వరంగల్లు కేంద్రాలుగా రెండు వున్నాయి. పేరేదైనా వాళ్లడిగే ప్రశ్న ఒకటే: ఈ ఇంటి వైరింగుకు కరెంటిస్తే ప్రమాదం లేదు కదా?

దీనికి జవాబు మొదట ఇవ్వవలసింది వైరింగు చేసిన కాంట్రాక్టరు. అతనికి ప్రభుత్వ లైసెన్సు వుండాలి. పని చూసిన సూపర్‌వైజరుకు పర్మిట్ వుండాలి. పని అయ్యాక అతను పరీక్ష చేసి టెస్ట్ రిపోర్టు రాసి సంతకం చెయ్యాలి. ఆ కాగితం మీదనే కరెంటాఫీసు ముందుకు వెళ్తుంది. అందులో ముఖ్యంగా రెండు అంకెలుంటాయి. వాటి అర్థం చెబుతాను, కాస్త ఓపికగా చదవండి.

ఒకటి ఇన్సులేషన్. వైరు లోపల రాగి, పైన తొడుగు. తొడుగు గట్టిదైతే కరెంటు బయటికి కారదు. కుండకు చిల్లి వుందో లేదో నీళ్లు పోసి చూస్తాం కదా, అలాగే మెగ్గర్ అనే చిన్న పెట్టెతో 500 వోల్టుల ఒత్తిడి పెట్టి, ఒక నిమిషం పాటు, కరెంటు తీగకూ భూమికీ మధ్య ఎంత కారుతోందో చూస్తారు. పెట్టెమీద కనీసం 1 మెగోమ్ చూపించాలని నిబంధన. మేకు దిగి తొడుగు చిట్లినా, తడిగోడలో పైపు లేకుండా వైరు పూడ్చినా అంకె పడిపోతుంది. గోడకు రంగులు వేశాక మన కంటికి కనిపించని తప్పు ఈ పెట్టెకు కనిపిస్తుంది.

రెండోది ఎర్త్. భూమిలో గుంట తీసి, పైపో రేకో దింపి, బొగ్గూ ఉప్పూ వేసి కప్పుతారు. దాన్నుంచి ఒక పట్టీ పానెల్ బోర్డుకు వస్తుంది. అక్కణ్ణుంచి పచ్చవైరు ప్రతి ప్లగ్గు మూడో రంధ్రందాకా వెళ్తుంది. గీజరులో కాయిలు చిట్లి కరెంటు దాని ఒంటికి దిగిందనుకోండి. ఎర్త్ బాగుంటే ఆ కరెంటు పచ్చవైరు పట్టుకుని భూమిలోకి పోతుంది, ఫ్యూజు కొట్టేస్తుంది. ఎర్త్ లేకపోతే ఎవరో వచ్చి పంపు తిప్పేదాకా అక్కడే కాచుకుని వుంటుంది. ఆ వచ్చే మనిషి ఎవరో చెప్పనక్కర్లేదు.

మాకు తెలిసిన ఒక అపార్టుమెంటులో జరిగింది చెబుతాను. స్నానాల గదుల్లో పంపులు ముట్టుకుంటే జివ్వుమంటున్నాయని ఆడవాళ్లు చెప్పుకునేవారు. "తడిచేతులు కదా, అలాగే వుంటుంది" అని ఇంట్లో కొట్టిపారేశారు. ఒకావిడ మాత్రం ఊరుకోలేదు. టెస్ట్ రిపోర్టు కాపీ తెప్పించి చూసింది. ఎర్త్ బాగుందనే వుంది. అయితే ఎందుకు జివ్వుమంటోందని పట్టుబట్టి, లైసెన్సు వున్న మనిషిని పిలిపించి పానెల్ బోర్డు తెరిపించింది. పై ఫ్లాట్లనుంచి పచ్చవైర్లన్నీ బోర్డుదాకా చక్కగా వచ్చాయి. బోర్డునుంచి ఎర్త్ గుంటకు పోయే పట్టీ మాత్రం నేలకు పలకలు పరిచినప్పుడు తెగిపోయింది. ఎవరో తెగిన కొసను లోపలికి తోసి పైన పలక అతికించేశారు. ఏ ఇంట్లో గీజరు కారినా ఆ కరెంటుకు భూమిలోకి దారి లేదు. పచ్చవైర్లన్నీ బోర్డులో ఒకేచోట కలుస్తాయి గనుక ఒక ఇంటి కారుడు అన్ని ఇళ్ల పంపులకూ పాకింది.

రిపోర్టు రాసినవాడు అబద్ధం రాశాడా? లేదు. అతను చూసిన రోజున పట్టీ బాగానే వుంది. పలకలు పరిచింది ఆ తర్వాత. ఇందులోంచి మనం నేర్చుకోవలసింది ఒకటుంది. సంతకం ఫోటో లాంటిది. తీసిన రోజున ముఖం ఎలా వుందో చెబుతుంది, ఇవాళ ఎలా వుందో చెప్పదు. అందుకే నిబంధనల్లో కట్టడాల కరెంటు సరంజామాను ఒక్కసారి చూసి వదిలెయ్యకుండా, 5 సంవత్సరాలకు మించకుండా మళ్లీ తనిఖీ చెయ్యాలని వుంది. 1956 రూల్స్‌లో వున్న ఈ మాటనే, 2003 విద్యుత్ చట్టం వచ్చాక కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో ఇచ్చిన భద్రతా నిబంధనల్లోనూ పెట్టారు. 2023లో ఆ నిబంధనలను మళ్లీ కొత్తగా జారీ చేశారు. మీ భవనాన్ని ఆఖరుసారి ఎప్పుడు చూశారో అడిగి చూడండి.

అన్ని రిపోర్టులూ అలా నిజాయితీగా వుంటాయని కూడా చెప్పలేను. వైరింగు ఒకరు చేసి, లైసెన్సు వున్న ఇంకొకరి దగ్గర సంతకం మాత్రం తెచ్చుకోవడం లోకంలో వున్నదే. ఇందులో ఇంటివాళ్ల తొందర కూడా వుంటుంది. ముహూర్తం దగ్గర పడింది, మీటరు వస్తే చాలు అనుకుంటారు. ఆ తొందరకు ఇప్పుడు అంత అవసరం లేదు. కాగితాలన్నీ సరిగ్గా వుంటే కొత్త కనెక్షన్ మహానగరాల్లో 3 రోజుల్లో, ఇతర మునిసిపల్ పట్టణాల్లో 7 రోజుల్లో, గ్రామాల్లో 15 రోజుల్లో ఇవ్వాలని 2024లో కేంద్రం వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించింది. రావలసిన గడువు చట్టంలోనే వుంది గనుక, పరీక్ష ఎగ్గొట్టి సంపాదించవలసింది ఏమీ లేదు.

ఇక మూడో సంతకం, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుది. ఇతను కరెంటు సంస్థ ఉద్యోగి కాదు, ప్రభుత్వ ఉద్యోగి. అందుకే ఈ సంతకానికి ప్రత్యేకమైన విలువ. కరెంటు అమ్మేవాళ్లూ కాకుండా, కొనేవాళ్లూ కాకుండా, కట్టి లాభం తీసుకునేవాళ్లూ కాకుండా మధ్యన నుంచుని చూసే మనిషి. చిన్న ఇళ్లకు రాడు. 15 మీటర్ల ఎత్తు దాటిన భవనాలు, ఆవరణలో హై టెన్షన్ ట్రాన్స్‌ఫార్మరు వున్నవి, పెద్ద జనరేటర్లు — ఇవి అతని లెక్కలోకి వస్తాయి. అతనే స్వయంగా చూడవలసినవి ఏవన్నది ప్రభుత్వం నిర్ణయిస్తుంది.

అతను అడిగే ప్రశ్న: ఏదైనా జరగరానిది జరిగితే ఈ భవనంలోంచి మనుషులు ప్రాణాలతో బయటపడతారా? ఇందుకోసం నిబంధనల్లో వున్నవి చూడండి, మన ఇంటి పద్ధతులంత సూటిగా వుంటాయి. భవనం మొత్తానికి కరెంటు ఆపేసే స్విచ్ అందరికీ కనబడేచోట, నేలనుంచి మరీ ఎత్తుగా లేకుండా వుండాలి. అర్ధరాత్రి వాచ్‌మన్‌కు చెయ్యి అందాలి కదా. కేబుళ్లు పైకి పోయే గూటిలో నీళ్ల పైపులూ గ్యాసు పైపులూ కలిపి తీసుకుపోకూడదు. ఆ గూడు ప్రతి అంతస్తు దగ్గరా నిప్పు దాటకుండా మూసి వుండాలి. లేకపోతే ఆ గూడు పొగగొట్టమై కింద పుట్టిన పొగ నిమిషాల్లో పై అంతస్తుకు చేరుతుంది. ఇళ్లు, వ్యాపార భవనాల లోపల ట్రాన్స్‌ఫార్మరు పెట్టాలంటే నూనె లేని డ్రై టైపుదే పెట్టాలని 2010 నిబంధనల్లో చేర్చారు.

నూనె గురించి అంత పట్టింపు ఎందుకు అంటారేమో. ఇది పుస్తకంలో పుట్టిన భయం కాదు. 1997 జూన్ 13న ఢిల్లీలో ఉపహార్ సినిమా హాలులో జరిగింది మీలో పెద్దవాళ్లకు గుర్తుండే వుంటుంది. ఆ రోజు శుక్రవారం, కొత్త సినిమా 'బోర్డర్', హాలు నిండా కుటుంబాలు. హాలు కింది అంతస్తులో, కార్లు నిలిపేచోట, ఢిల్లీ విద్యుత్ బోర్డు ట్రాన్స్‌ఫార్మరు వుంది. పొద్దున్నే అందులో చిన్న మంట వచ్చింది. బోర్డు సిబ్బంది వచ్చి బాగుచేశారు. కేబులు కొసన సాకెట్టును క్రింపింగ్ మెషీనుతో నొక్కి బిగించవలసింది; సుత్తి దెబ్బలతో సరిపెట్టారని తర్వాత కోర్టులో తేలింది. వదులు జాయింటు వేడెక్కుతుందని మనకు తెలుసు, ప్లగ్గు వదులైతే ఇస్త్రీపెట్టె దగ్గర నల్లబడటం చూస్తూనే వుంటాం. ఇక్కడ వేడెక్కింది వందల ఇళ్లకు సరిపోయే కరెంటు. సాయంత్రం 5 గంటల ప్రాంతంలో కేబులు ఊడి ట్రాన్స్‌ఫార్మరు మీద పడింది. నూనె కారింది, అంటుకుంది. నూనెను అక్కడే ఆపే గట్టు లేదు. మండే నూనె కార్ల కిందికి పాకింది.

మంట హాలులోకి రాలేదు. పొగ వచ్చింది. మెట్లదారే పొగగొట్టమైంది. బాల్కనీలో కుడివైపు తలుపుకు పోయే దారి అదనపు కుర్చీలతో, ప్రత్యేకమైన బాక్సుతో మూసుకుపోయింది. దీపాలు ఆరిపోయాయి. 59 మంది చనిపోయారు. కాలి కాదు, ఊపిరాడక. వందమందికి పైగా గాయపడ్డారు.

ఇప్పుడు మన మూడు ప్రశ్నలూ అక్కడ పెట్టి చూడండి. దారి మూసి కుర్చీలు వేసినా, కార్లు ట్రాన్స్‌ఫార్మరును ఆనుకుని నిలిపినా పర్మిట్లు ఆగలేదు. బాగుచేసిన పనిని సరిగా పరీక్షించకుండానే కరెంటు వదిలారు. జరగరానిది జరిగితే జనం ఎలా బయటపడతారు అన్న ప్రశ్న ఎవరూ గట్టిగా అడగలేదు. 2007లో ఢిల్లీ కోర్టు 12 మందిని దోషులుగా తేల్చింది. వారిలో హాలు యజమానులతోపాటు విద్యుత్ బోర్డు, మునిసిపల్, అగ్నిమాపక శాఖల వాళ్లు కూడా వున్నారు. పై కోర్టులలో కొందరి విషయం మారింది, యజమానుల నేరాన్ని మాత్రం సుప్రీంకోర్టు 2014లో ఖాయం చేసింది. ఆ హాలుకూ కాగితాలున్నాయి, లైసెన్సు వుంది. కాగితం వుండటం వేరు, ప్రశ్నకు జవాబు వుండటం వేరు.

అది సినిమా హాలు, మన ఇళ్లకేమిటి అనకండి. 2025 మే 18న హైదరాబాదు చార్మినారు దగ్గర గుల్జార్‌హౌజ్‌లో ఒక పాత ఇంట్లో 17 మంది ప్రాణాలు పోయాయి, అందులో చిన్నపిల్లలున్నారు. షార్ట్ సర్క్యూట్ కావచ్చని అధికారులు మొదట చెప్పారు. పైకి కిందికి ఒకే ఇరుకు దారి. అక్కడా పొగే చంపింది.

మరి మనం చెయ్యగలిగిందేమిటి? నాలుగు పనులు చెబుతాను. 

మొదటిది, కాగితాలు అడగడం. ఫ్లాటు కొనేటప్పుడు మునిసిపల్ ప్లాను, నివాసయోగ్య పత్రం, కాంట్రాక్టరు టెస్ట్ రిపోర్టు, పెద్ద భవనమైతే ఇన్‌స్పెక్టరు ఆమోద పత్రం — నాలుగింటి నకళ్లూ తీసుకుని బీరువాలో దస్తావేజుతోపాటు పెట్టుకోండి. అద్దెకుండేవాళ్లు ఇంటిగలావిడను ఒక్కమాట అడగవచ్చు: "ఎర్త్ ఎప్పుడు చూపించారండీ?" ఇందులో తగవు ఏమీ లేదు. నీళ్ల ట్యాంకు ఎప్పుడు కడిగించారని అడగడం లేదూ?

రెండోది, ఆర్.సి.సి.బి. పెట్టించడం. దీనికి కొంత ఖర్చవుతుంది. ఇంట్లో ఎం.సి.బి.లున్నాయిగా అంటారు. ఎం.సి.బి. కాపాడేది వైరును, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. 16 ఆంపియర్లు దాటితేనే పడుతుంది. మనిషి గుండె ఆగడానికి అందులో వందోవంతు కూడా అక్కర్లేదు. ఆర్.సి.సి.బి. అలా కాదు. వెళ్లిన కరెంటూ తిరిగి వచ్చిన కరెంటూ సమానమా అని లెక్క చూస్తుంటుంది. పాలవాడి లెక్క చూసినట్టే. 30 మిల్లీ ఆంపియర్లు, అంటే సుమారు 7 వాట్ల బల్బుకు పోయేంత కరెంటు, లెక్కలో తగ్గితే ఎక్కడో ఎవరి ఒంట్లోంచో కారుతోందని గ్రహించి రెప్పపాటులో ఆపేస్తుంది. మరీ చిన్న లోడు ఇళ్లు తప్ప మిగతా ఇళ్లకు ఇది వుండాలని నిబంధనల్లోనే వుంది. దానిమీద 'టి' అని చిన్న మీట వుంటుంది. మూడు నెలలకోసారి నొక్కండి. టక్కున పడాలి. పడకపోతే అది చచ్చిన కాపలా కుక్క, మార్పించాలి. ఇంకోమాట, ఇది వుంది కదా అని ఎర్త్ మానకూడదు. ఇద్దరూ వుండాలి.

మూడోది, కొత్త లోడు చెప్పడం. పాతికేళ్ల కిందటి ఇల్లు నాలుగు ఫ్యాన్లకూ ఒక ఫ్రిజ్‌కూ పాసైంది. ఇప్పుడందులో రెండు ఏ.సి.లు, గీజరు, వాషింగ్ మెషీను వచ్చాయి. 2 వేల వాట్ల గీజరు ఒక్కటే సుమారు 9 ఆంపియర్లు లాగుతుంది. సంతకం పెట్టిన రోజున ఆ ఇంజనీరు చూసిన ఇల్లు ఇది కాదు. అందుచేత కరెంటాఫీసులో లోడు పెంచమని అర్జీ పెట్టాలి, వైరు సరిపోతుందో చూపించాలి. ఫ్యూజు మాటిమాటికీ కొడుతుంటే లావు తీగ కట్టకండి. ఫ్యూజు కొట్టడం జబ్బు కాదు, జ్వరం చూపించే థర్మామీటరు. థర్మామీటరు పగలగొడితే జ్వరం తగ్గుతుందా?

నాలుగోది, సెల్లారు చూడటం. పానెల్ బోర్డు ముందు పాత పరుపులు, అట్టపెట్టెలు, పనికిరాని సైకిళ్లు వున్నాయా? దాన్ని ఆనుకుని స్కూటర్లు పెడుతున్నారా? బ్యాటరీ స్కూటర్లకు ఎవరి తోచినట్టు వాళ్లు వైర్లు లాగుతున్నారా? వాచ్‌మన్ కుటుంబం మీటర్ల కింద పడుకుంటోందా? ఆ తల్లి బోర్డు జాలీమీద పిల్లల బట్టలు ఆరేస్తోందా? ఆమెకు వేరే తీగ కట్టించి ఇవ్వడానికి ఎంత ఖర్చవుతుంది? మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఇంట్లో పిల్లలతో సహా అందరికీ చూపించండి. ఎండాకాలంలో ఎర్త్ గుంటలో రెండు బిందెల నీళ్లు పోయించండి. తీగ తెగినా, స్తంభం దగ్గర నిప్పురవ్వలు కనిపించినా ముట్టుకోకుండా 1912కు ఫోన్ చెయ్యండి.

వచ్చే అసోసియేషను మీటింగులో లిఫ్టు రంగు గురించీ గేటు డిజైను గురించీ మాట్లాడుతుంటే, మీరు లేచి ఒక్క ప్రశ్న వెయ్యండి: "మన పానెల్ బోర్డు ఆఖరుసారి ఎవరు చూశారు, ఏ తేదీన చూశారు?" కొందరు నవ్వుతారు. "మీకెందుకమ్మా ఇవన్నీ" అంటారు. అననివ్వండి. జవాబు చెప్పడానికి రిజిస్టరు తెరవవలసి వస్తుంది. తెరిస్తే తేదీ కనిపిస్తుంది. తేదీ పాతదైతే మళ్లీ చూపించవలసి వస్తుంది.

మూడు సంతకాలూ ఆఫీసులవే కావచ్చు. ఆ సంతకాలు ఇవాళ్టికీ నిజమేనా అని అడగవలసింది మాత్రం ఆ కప్పు కింద కాపురం చేసే మనం.